తొట్టెలలో రోటి గుండు

"అమ్మా, రోటి గుండు మరిచిపోయి వచ్చేసినాను!" అని శృతి ఫోన్ చేసేసరికి సుజాతమ్మ గుండును సంచిలో వేసుకుని చింతామణి బస్టాండులో దిగుతోంది. కూతురి మతిమరుపు మీద ఆమెకు అంత నమ్మకం.

"తెచ్చినాలేవే. సాయంత్రం జాగ్రత్తగా ఇంటికి తేవాల. మన రోటికి ఇది తప్ప వేరేది కుదరదు."

కాలేజీ హాలు నిండా శృతి ప్రసంగం వినేందుకు వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు. స్టేజి మీద పసిబిడ్డను ఊపే ఒక చెక్క తొట్టెల. శృతి గుండుకు బట్ట చుట్టి అందులో పడుకోబెట్టింది. చింతామణి వైపు ఇళ్ళలో పేరు పెట్టేనాడు బిడ్డకన్నా ముందు గుండునే తొట్టెలలో వేస్తారు, బిడ్డ అంత గట్టిగా ఉండాలని.

సుజాతమ్మ వెనక బెంచీలో కూర్చుని, ఎవరూ అడగకుండానే, "మాట్లాడేది నా కూతురు" అని చుట్టుపక్కల అందరికీ చెప్పేసింది. పట్టుగూళ్ళ మార్కెట్టులో కూలి చేసి ఒంటిచేత్తో పెంచిన పిల్ల మైకు ముందు నిలబడితే ఏ తల్లి ఊరుకుంటుంది?

"పోయిన నెల మురికినీళ్ళ మోరీ పక్కన పసిబిడ్డ దొరికింది. ఎవరన్నా చూసేలోపలే ఊపిరి పోయినాది" అంది శృతి. "ఆ తల్లికి ఒక్క సంగతి తెలిసుంటే బిడ్డ బతికేది. పెంచలేనివాళ్ళు మక్కళ కల్యాణ సమితికి, అదే పిల్లల సంక్షేమ సమితికి, బిడ్డను అప్పగించొచ్చు. ఆస్పత్రి దగ్గర తొట్టెల ఉంటే దాంట్లో పెట్టొచ్చు. పేరు బయటపెట్టరు. మనసు మార్చుకునేదానికి రెండు నెలలు టైమిస్తారు, ఆలోపల వస్తే బిడ్డను తిరిగి ఇస్తారు, అది దాటినాకనే దత్తు ఇచ్చేది. పది తొంభై ఎనిమిది నంబరుకు ఫోన్ చేస్తే అన్నీ వాళ్ళే చెప్తారు."

ముందు వరుసలోంచి హాస్టల్ వార్డెన్ అక్కయమ్మ లేచింది. ఆ నంబరు బోర్డు అమ్మాయిల హాస్టల్లో పెట్టాలంటే ఆమె ఒప్పుకోవాలి. శృతి ఇన్నాళ్ళూ ఆమె చుట్టూ తిరిగింది అందుకే.

"ఇవన్నీ నేర్పిస్తే పిల్లోళ్ళు చెడిపోరా? బిడ్డను పారేసేదానికి బోర్డు కూడానా? నా హాస్టల్లో పెట్టనీను."

శృతి వెనక బెంచీ వైపు చూసింది. సుజాతమ్మ, చెప్పమన్నట్టు తల ఊపింది.

"మేడం, నేనూ తొట్టెలలో దొరికిన బిడ్డనే. చిక్కబళ్ళాపురలో నన్ను వదిలినామె నాకంటే ముందు ఈ గుండును పడుకోబెట్టింది, ఉత్త తొట్టెలలో బిడ్డను వేయకూడదని. పారేసేవాళ్ళు అట్ల చేస్తారా?"

 అక్కయమ్మ మెల్లగా, శృతి చూసిన వెనక బెంచీ దాకా నడిచి వచ్చి సుజాతమ్మ చేతులు పట్టుకుంది. అక్కయమ్మ కళ్ళు తడిసి ఉన్నాయి.

"ఎవురో కన్న బిడ్డను ఇంతదాన్ని చేసినావు కదమ్మా! నీకు చేతులెత్తి మొక్కాల. బోర్డు పెట్టుకోండి, నేనే దగ్గరుండి పెట్టిస్తాను."

చప్పట్లు మోగాయి. సుజాతమ్మ గుండె నిండిపోయింది. కానీ అక్కయమ్మ కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

"అయినా ఆ వదిలేసి పోయినామె యాడుండాదో! ఇట్లాంటి బంగారాన్ని వదిలేకి మనసెట్లా వచ్చిందో! ఒక్కసారి ఆ మొగం చూడాలనుండాది నాకు."

సుజాతమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది. స్టేజి మీద కూతురు తనవైపే చూస్తూ నవ్వుతోంది. తల ఎత్తి, హాలంతా వినబడేలా సుజాతమ్మ అంది.

"ఆ మొగం ఇదే మేడం. రెండు నెలలు నిండకముందే పోయి నా బిడ్డనూ గుండునూ తిరిగి తెచ్చుకున్నా."