ఎండుటాకుల చప్పుడు

వనజ గద్వాల చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. కాలం మారినప్పుడల్లా భర్త మధుతో కలిసి ఊళ్లు తిరిగి, పూతనో పిట్టనో చూసి కొత్త అంచు ఊహించుకునేది. మొన్న ఎండాకాలం కొల్లాపూర్ దగ్గర నది ఒడ్డునున్న మామిడితోటలో ఆమె వెనకే నడుస్తూ మధు గుండె ఆగి ఎండుటాకుల మీద కుప్పకూలాడు. ఆ తర్వాత ఆమెకు ఒక్క అంచూ తోచలేదు.

వానలు మొదలయ్యాక ఒంటరిగా అదే తోటకు వెళ్లింది. తిరుగుతుండగానే పొద్దుగూకింది. కాళ్లకింద అంతా బురదే. అయినా వెనక ఎండుటాకులు నలుగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె ఆగితే అదీ ఆగింది.

తోటకు కాపలా ఉండే ముసలి పెద్దన్న లైటు పట్టుకుని ఎదురొచ్చాడు.

"నీ ఎన్క ఎవరు బిడ్డా? గీ వానల ఎండాకులు యాడివి?"

అతను లైటు అటు తిప్పబోతే వనజ చెయ్యి పట్టుకుంది.

"వద్దు తాతా. వెలుతురు పడితే పోతడేమో."

పెద్దన్న లైటు ఆర్పేశాడు. చీకట్లో చప్పుడు మళ్లీ మొదలై, వాళ్లను దాటి నది వైపు సాగిపోయింది.

వనజకు ఏడుపు ఆగలేదు. "జర ఆగు, నేనూ వస్త" అంది.

చప్పుడు ఆగింది.