ఈతన్ మెడ

"వాడి మెడ విరుగుతుందండీ, రాసిపెట్టుకోండి!"

శనివారం పొద్దున్నే జ్ఞానమణి అన్న మొదటి మాట అది. మ్యాచ్ పదింటికి. కొడుకు ఈతన్ ఇంకా వంటగదిలో పాలల్లో నానేసిన గోధుమ బిస్కెట్లు, వీట్‌బిక్స్, నాలుగో గిన్నె తింటున్నాడు.

"మనవాడికి మెడెక్కడుందే జ్ఞానం? భుజాల మీద నేరుగా తలేగా!" అన్నాడు భర్త ఫ్రెడ్రిక్.

"నవ్వండి, నవ్వండి! పదమూడుమంది ఆడే ఆ రగ్బీ లీగ్ వాళ్లు పోయినేడు వీణ్ణి ఎందుకు పంపేశారు? పసివాడు తట్టుకోలేడనేగా? ఇప్పుడు పదిహేనుమంది ఆడే ఈ యూనియన్లో చేరాడు. ఇందులో ఎనిమిదేసిమంది తలలు దూర్చి కుమ్ముకుంటారట! ఒరే నాన్నా, లీగ్ వాళ్లు ఏమన్నార్రా అసలు?"

"దే జస్ట్ సెడ్ నో, మమ్మీ," అన్నాడు ఈతన్, తల దించుకుని.

కిందటి వారం వాడి జెర్సీ నిండా రక్తం. జ్ఞానమణి ఏడుస్తూ ఉతికింది. ఒళ్లంతా వెతికితే ఒక్క గీత కూడా కనబడలేదు. లోపలి దెబ్బలు కాబోలనుకుని ఇంకాస్త ఏడ్చింది.

పాపకూర అనే ఆ ఊరి గ్రౌండు గేటు దగ్గర అంబులెన్సు ఆగి ఉంది.

"చూశారా? మనవాడు ఆడే రోజే తెచ్చిపెడతారు!"

గడ్డి మీద ఆమె కుర్చీ వేసుకోగానే, పక్కనున్న ఇద్దరు తల్లులు తమ కుర్చీలు ఎత్తుకుని దూరంగా పోయారు. ఈతన్‌కు జరగబోయేది చూడలేకే పోయారనుకుంది జ్ఞానమణి. ఇక ఆగలేకపోయింది. ఫ్రెడ్రిక్ "వద్దే, పరువు పోతుందే!" అంటున్నా వినకుండా నేరుగా కోచ్ దగ్గరికి నడిచింది.

"సర్, మీకు దణ్ణం పెడతాను. మావాణ్ణి ఈ ఒక్కరోజుకు ఆపెయ్యండి. పిల్లలకు ఏమైనా అయితే తల్లులు బతకరు సర్!"

కోచ్ ఆమెను చూశాడు. ఆమె వెనక ఆయాసపడుతూ వచ్చిన ఫ్రెడ్రిక్‌ను చూశాడు. అవతల వంగి బూట్లు కట్టుకుంటున్న ఈతన్‌ను చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. రెఫరీ వచ్చి టాస్‌కు పిలిచి వెళ్లినా కదల్లేదు.

"చెప్పండి సర్, ఆపుతారా?"

కోచ్ జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు.

"అవతలి జట్టు తల్లులంతా పొద్దున్నే ఫోన్ చేసి అడిగిందీ అదే మేడమ్, మీవాణ్ణి ఆపమని."