రామకుప్పం అభిమాని

"ఈ నెలాఖరు లోపల నీ పాట ఇనేవాళ్లు ఒక్కరన్నా ఉండారని సూపించు. లేదంటే ఆ బల్ల నా కుట్టుమిషన్‌కు ఇచ్చేయ్" అంది సుధ.

మదనపల్లెలో జిరాక్సు అంగడి నడిపే ఆమె భర్త గోవిందస్వామికి గుండె జారింది. ఆయన సంగీత జీవితమంతా ఆ బల్ల మీదే ఉంది.

అదొక పాత కంప్యూటర్. పాత సామాన్లవాడు కూడా దాన్ని వద్దన్నాడు. ఆయన పట్టు వదలకుండా దాంట్లో పాత కంప్యూటర్లనూ నడిపించే తేలికపాటి సాఫ్ట్‌వేర్ లినక్స్ ఎక్కించాడు. తెర మీద ఒక గడియారం, ఒక మెనూ, అంతే. కానీ కంప్యూటర్ లేచి పరుగెత్తింది. దాన్నే నెట్‌లో పాటలు వినిపించే సర్వర్ చేసి, సొంతంగా కట్టి పాడిన పదకొండు పాటలు పెట్టాడు. ఇంకో ఊళ్లో ఇంకొకరు ఇలాంటి సర్వర్ పెట్టుకుంటే, రెండూ కలిసి ఒకరి పాటలు ఒకరికి వినిపిస్తాయి. మధ్యలో ఏ కంపెనీ పెత్తనమూ ఉండదు.

పుంగనూరులో చిన్ననాటి స్నేహితుడు రాజేంద్రకు అలాంటి సర్వర్ ఉంది. అతను మూడు రోజులు విన్నాడు. నాలుగో రోజు గోవిందస్వామి సర్వర్‌ను బ్లాక్ చేశాడు. అడిగితే, "నెట్ సరిగా లేదబ్బా" అన్నాడు.

గోవిందస్వామి గొంతు పైకి పోయిందంటే ఒక పట్టాన దిగిరాదు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

గడువు ఇంకో పది రోజులుందనగా రామకుప్పం నుంచి ఒక సర్వర్ వచ్చి కలిసింది. ఒకప్పుడు కుప్పంలో కంప్యూటర్లు రిపేరు చేసి, ఇప్పుడు సేద్యం చేసుకుంటున్న మునిరత్నానిది. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి మొదలైన పాటలు తెల్లవారేదాకా అక్కడ ఆగడం లేదు.

మెసేజ్ కూడా వచ్చింది. "అన్నా, నీ పాట లేకుంటే మా ఇంట్లో తిండి లేదు. మూడో పాటలో పైకి ఎత్తుకుంటావు సూడు, అట్టాంటిది ఇంగొకటి పాడి పంపు. ఇంగా గట్టిగా."

అంత సంతోషం ఆయనకు పెళ్లినాడు కూడా కలగలేదు. వెంటనే పాడి పంపాడు.

సుధ చెవుల్లో దూది తీసి, మెసేజ్ రెండుసార్లు చదివింది. "ఆ మనిషిని నేను కంటితో సూడాల" అంది.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. శాలువా కప్పుతారేమోనని గోవిందస్వామి కండువా ఇంట్లోనే పెట్టి వచ్చాడు. పుంగనూరు దాటేటప్పుడు కిటికీలోంచి బయటికి చూడలేదు.

మునిరత్నం కాళ్లకు మొక్కినంత పని చేశాడు. అతని భార్య మునీశ్వరి వద్దన్నా వినకుండా రెండోసారి సంగటి వడ్డించింది.

తర్వాత చేనికి తీసుకెళ్లారు. రాగి వెన్నులు వేసి ఒత్తుగా నిలబడి ఉంది. గుడిసెలో సోలార్ బ్యాటరీకి తగిలించిన పాత లాప్‌టాప్, దాన్నుంచి బయటికి నాలుగు పెద్ద లౌడ్‌స్పీకర్లు.

"దీంట్లోనూ తేలిక లినక్సే అన్నా. బ్యాటరీ తెల్లారేదాకా వస్తాది" అన్నాడు మునిరత్నం.

గోవిందస్వామి రొమ్ము విరిచి భార్య వైపు చూశాడు. బల్ల దక్కినట్టే.

సుధ మాత్రం లౌడ్‌స్పీకర్లనే చూస్తోంది. "ఊరు ఈ పక్క ఉంటే, అవన్నీ అడివి పక్కకు తిప్పినావు, యాలప్పా?"

మునిరత్నం గోవిందస్వామికి రెండు చేతులూ జోడించాడు.

"అన్న పాట పెట్టిన కాడ్నించి ఒక్క ఏనుగు గూడా మా చేలో కాలు పెట్టలేదమ్మా."