రైలు గేముకు గ్రాఫిక్స్ కార్డు

2003లో అబిడ్స్‌లోని మా కంప్యూటర్ షాపుకు సుందర్‌రాజ్ అంకుల్ పాత సీపీయూను దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు. వెంట ఆయన భార్య జయమణి ఆంటీ.

“రైలు నడిపే గేమ్ బాబూ. బొమ్మ ఆగి ఆగి కదులుతది. బ్రేక్ ఏసేలోపల సిగ్నల్ దాటిపోతున్న. జర మంచిగ చెయ్యి,” అన్నారు అంకుల్.

ర్యామ్ పెంచి, గ్రాఫిక్స్ కార్డు పెట్టి, ఆయన్నే కూర్చోబెట్టాను. రైలు సాఫీగా బయలుదేరింది.

“రంగులు చూడున్రి అంకుల్, ఎట్ల మెరుస్తున్నయో!”

ఆయన ఆంటీ వైపు చూశారు.

“ఔ, మంచిగున్నయి,” అన్నారు ఆంటీ. వెంటనే, “గ్రీన్!” అని కేకేశారు.

“గ్రీన్!” అన్నారు అంకుల్.

“ఎల్లో!”

“ఎల్లో!” రైలు వేగం తగ్గింది.

నాకు నవ్వు ఆగలేదు. “గీ కేకలేంది అంకుల్?”

“ఇంజన్‌ల గట్లనే. అసిస్టెంట్ సిగ్నల్ చూసి చెప్పాలె, డ్రైవర్ మళ్ల అనాలె. రూలు.”

“ఎన్నేండ్లు నడిపిన్రు రైలు?”

“ఒక్కరోజు గూడ లేదు. నాంపల్లి స్టేషన్‌ల పార్సిల్ ఆఫీసుల క్లర్కుగ రిటైరైన.” కళ్లు తెర మీదే ఉన్నాయి. “డ్రైవర్ పోస్టు కండ్ల పరీక్షల పోయింది. ఎర్రది, ఆకుపచ్చది నాకు ఒక్కతీరే కనిపిస్తయి.”

“రెడ్!” అన్నారు ఆంటీ.

“రెడ్!” అంటూ అంకుల్ బ్రేక్ వేశారు. రైలు సిగ్నల్ ముందు బుద్ధిగా ఆగింది.

“ఈసారి దాటలే,” అన్నారు ఆంటీ.