పతకం వెనక పేరు

"వెనక ఉన్న పేరు మా అత్తగారిది. అది చెరిపేస్తే మెళ్లో లాకెట్‌లా వేసుకుంటాను," అని పొద్దున ఒకావిడ పేర్లు చెక్కే నా కొట్లో ఇచ్చిపోయింది. పాత వెండి పతకం, ముందువైపు నీలం మీనా పూత. నర్సుగా చేసిన సేవకి ఆ అత్తగారికి ఎప్పుడో ఇచ్చారట.

"ఆవిడ బతికే ఉన్నారుగా, ఓ మాట అడిగారా?" అన్నాను.

"మంచాన పడ్డ మనిషిని అడిగేదేముంది?"

నాకెందుకొచ్చిన గొడవ అని పతకం పుచ్చుకున్నాను.

రాత్రి పనికి కూర్చున్నాను. పక్కగదిలో మా ఆవిడ దగ్గుతోంది, నెలరోజుల నుంచీ తగ్గని దగ్గు. పనికి ముందోసారి, తర్వాతోసారి తూచడం మా పనివాళ్ల పద్ధతి. వెండి కాజేశాడని మాట పడకూడదు కదా. ముందు పన్నెండు గ్రాములుంది. ఆకురాయితో పేరంతా అరగదీసి, రాలిన పొడి పక్కన పెట్టి తూచితే పదమూడు.

కాటా తుడిచి మళ్లీ పెట్టాను. పదమూడే.

తిప్పి చూశాను. నున్నగా చేసిన చోట ఇంకో పేరుంది. మా ఆవిడ పేరు. చివరి అక్షరానికి తోక లాగడం నా అలవాటు. ఆ తోక కూడా ఉంది. నేనెప్పుడు చెక్కాను?

అది కళ్లముందు ఉండకూడదనిపించి, ముందూవెనకా చూడకుండా ఆకురాయి అందుకుని అరగదీసేశాను.

పక్కగదిలో దగ్గు ఆగిపోయింది.

"ఏమేవ్," అన్నాను. "పడుకున్నావా?"

లేచి వెళ్లాల్సింది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ పతకాన్ని కాటా మీద పెట్టింది.

పద్నాలుగు.