తలుపు పక్క మిషన్

సూపర్‌వైజర్ మెట్లవైపు నుంచి తాళం వేశాడో లేదో, మా కుట్టు హాలు వెనక తలుపు దబదబా మోగింది. నేను చేరి వారమైనా కాలేదు, ఉలిక్కిపడ్డాను.

ఆయన తలుపు తీసి తొంగిచూశాడు. కొట్టేవాళ్లెవరూ కనబడలేదు. అరవై మందిమి తలలొంచుకుని కుడుతున్నాం. మళ్లీ వేయకుండా తాళం జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోయాడు.

పాతికేళ్ల కిందట ఈ హాలు తగలబడ్డప్పుడు, బయట తాళం ఉండి పదిహేడు మంది ఈ తలుపు దగ్గరే చచ్చిపోయారు. ఇప్పటికీ వాళ్లే కొడుతున్నారని ఊరంతా అంటుంది.

"ఎన్ని అర్జీలు పెట్టినా తాళం వేయడం మానలేదు," అంది తలుపు పక్క మిషన్ అక్క, మడమ రుద్దుకుంటూ. "దయ్యమంటే మాత్రం హడలి చస్తారు. ఈ సాయంత్రంతో నాకు రిటైర్మెంట్. రేపట్నుంచి ఈ మిషన్ నీదే. దయ్యానివీ నువ్వే."

నాకు నవ్వొచ్చింది. ఆమె లేచిన స్టూలు మీద కూర్చుని, మడమతో తలుపుని ఆగి ఆగి మూడుసార్లు తన్నాను.

"అలా కాదే." అక్క నా కాలు పట్టుకుని ఆపింది. "వాళ్లు ఆగి ఆగి కొట్టలేదు. ఆపకుండా కొట్టారు. ఆ రోజు నేను బయట, ఆ మెట్ల మీదే ఉన్నాను. నా దగ్గర తాళంచెవి లేదు."