వంటగుడారంలో దుప్పటి

కువైట్‌లో రెడ్డెమ్మకు వీసా ఇచ్చి ఇంటిపనికి పెట్టుకున్న కఫీల్ కుటుంబం చలికాలం సెలవులకు కారవాన్‌తో ఎడారిలో మకాం వేసింది. వాళ్లు కారవాన్‌లో పడుకుంటే, రెడ్డెమ్మకు పక్కనున్న వంటగుడారంలో పరుపు వేశారు. మొదటిరోజు అలసటతో దుప్పటైనా కప్పుకోకుండా నిద్రపోయింది.

తెల్లవారి చూసుకుంటే దుప్పటి మెడదాకా ఉంది. అంచులు ఒంటి కింద చక్కగా దోపి ఉన్నాయి. తను 'మామా' అని పిలిచే యజమానురాలే కప్పిందనుకుని మురిసిపోయింది.

"షుక్రన్ మామా, రాత్రి దుప్పటి కప్పినారు," అంది కృతజ్ఞతగా టీ అందిస్తూ.

"నేనా? రాత్రి తలుపే తీయలేదు," అంది మామా.

ఆ రాత్రి రెడ్డెమ్మ దుప్పటి కాళ్ల దగ్గరే వదిలి, కళ్లు మూసుకుని మేలుకొని ఉంది. జనరేటర్ ఆపేశాక ఎడారంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి గుడారం జిప్ మెల్లగా జారింది. ఇసుకలో అడుగులు దగ్గరికొచ్చాయి. ఒక గరుకు చెయ్యి దుప్పటి కప్పి అంచులు దోపింది.

"ఎవురు?" అంది, కళ్లు తెరవకుండానే.

"సలి పెడతాంది. పండుకో పాపా," అంది ఒక ఆడగొంతు.

ఆ మకాంలో తెలుగు తెలిసిన మనిషి రెడ్డెమ్మ ఒక్కతే. కేక వేద్దామనుకుంది. కానీ కువైట్‌కు వచ్చి ఇన్నేళ్లయినా ఆమెను పాపా అని పిలిచినవాళ్లు లేరు.

కొంచెం పక్కకు జరిగి, పరుపు మీద చోటిచ్చింది.